సందు

జూటు మిల్లు బేచింగ్ ఖాతాలో
పద్దెనిమిదేళ్ళు నా పని ఒకటే:
నూనె, నీళ్ళు, సబ్బు,
ఒకదానికొకటి పడని ఈటికి పొత్తు కుదిర్చి
పాలలాగ తెల్లగా సేసీసి
ఎండు గోగునార మీద జల్లడం.
నార మెత్తబడితేగాని దారమవదు.
దారమయితేగాని గోనె అవదు.

మిల్లుకి తాళమేసీసినారు.
నా రొమ్ములో మిగిలిన దుమ్ముకి
ఎవుడూ తాళమెయ్యలేదు.
ఆ యేడే దగ్గు. దగ్గు ఎనకాల నెత్తురు.
ఆర్నెల్లు పరగడుపున ఎర్ర బిళ్ళ మింగినాను,
మింగిందాన్లో సగం వాంతికే పోయింది.
పొద్దున్న ఒంటేలుకెల్తే కాషాయం రంగు.
సన్నాసుల్లో కలిసిపోతున్నావేటని
మా ఎరకమ్మ నవ్వింది,
నవ్వి, పక్కకి తిరిగి ముక్కు సీదుకుంది.

ఇప్పుడు చంపావతి దాటినాక
ఫార్మసీ కాలేజీలో గాజు సామాన్లు కడుగుతున్నాను.

ఆ గుంట పేరు బిడ్డిక ఇందుమతి.
కొండ మీంచి దిగినాది, పీహెచ్‌డీ అట.
కొవ్వు కరిగిస్తాది, డెబ్బై డిగ్రీల్లో, గడియారం సూసుకుంటా.
అందులో ఏసిన పొడి ఏటో
సీసా మూత తియ్యగానే పోల్చుకున్నాను:
నా ఎర్ర మందే.
మీద ఏడినీళ్ళు, సబ్బులాంటిదేదో,
గిర్రున తిరిగే మిషను.
మళ్ళీ పాలే. ఈసారి నారింజ చాయ.

"ఏటమ్మా, ఇది మా బేచింగే కదా" అన్నాను.
మిషనాపి, స్టూలు జరిపి, కూకోమంది.
పద్దెనిమిదేళ్ళలో ఏ సూపరవైజరూ కూకోమన్లేదు.

సల్లారితే ఒక్కో బొట్టూ గట్టిపడతాదట,
ఎంటికలో ఎయ్యోవంతు గింజ,
గింజ కడుపులో మందు.
మనకి కాపలా కాసే కణం ఉంటాదట నెత్తురులో,
రోగం పురుగు ఆ కణం ఇంట్లోనే దాక్కుంటాదట.
దొంగ దొరికేది కాపలావోడి అటక మీదన్నమాట!
కాపలావోడు కొవ్వు గింజని మింగుతాడు,
మందు తిన్నగా ఆ ఇంట్లోనే దిగుతాది.
"అయితే గోనె" అన్నాను.
"గోనే తాతా. దానంతటది ఇప్పుకునే గోనె."

మూడు నెల్లు ఫ్రిజ్జులో పెట్టి తీసింది.
సీసా అడుగున ఎర్రటి నలుసులు.
మందు బయటికొచ్చీసింది.
ఆ రోజు కేరేజీ ఇప్పలేదు గుంట.

సాయంత్రం తనే సెప్పింది.
కొత్తల్లో కొవ్వు గాభరాగా గడ్డకడతాది,
అడ్డదిడ్డంగా, ఎలాగ పడితే అలాగ.
ఆ సందుల్లో మందు తలదాసుకుంటాది.
రోజులెల్లేకొద్దీ సర్దుకుంటాది కొవ్వు,
వరస మీద వరస, ఇటిక మీద ఇటిక.
అంత సక్కగా సర్దుకున్నాక
పరాయిదానికి జాగా ఏది?
గెంటీసింది.

నాకు మిల్లు గేటు మీద అంటించిన కాయితం గుర్తొచ్చింది.
కొత్త యజమాని పద్దులన్నీ సక్కబెట్టినాడన్నారు.
ఒక్క గీతా వంకర్లేదు దాన్లో.
మా పేర్లూ లేవు.

పండక్కి ఊరెల్లి సీసాతో తిరిగొచ్చింది ఇందుమతి.
ఇప్ప నూనె. మాఘం సలికి
సగం గడ్డ, సగం జారుడు,
ఎటూ తేల్చుకోని మనిషిలాగుంది.
"ఇది కాస్త కలిస్తే కొవ్వుకి కుదురు రాదు తాతా,
కుదురు రాకపోతేనే మందుకి సోటు."
సదువుకున్నోళ్ళు ఇంత మాట
ఇంత మామూలుగా అనీగలరని నాకు తెల్దు.

మనుషులకి ఇచ్చేదానికి ఎన్నేళ్ళమ్మా అనడిగితే
ఏళ్ళు మడిసి లెక్కెట్టింది,
రెండో సెయ్యి కూడా అందుకుని
మద్దెలో మానీసింది.

నిన్నటికి నలభై రోజులు.
సీసా కదపొద్దంది, నాను కదపలేదు.
బీకర్లు బోర్లించి, సేతులు తుడుసుకుని,
ఫ్రిజ్జు తలుపు తీసి
ఒంగి, ఆ సిన్న దీపం ఎలుతురులో సూసినాను.
అడుగున ఎరుపు లేదు.
ఇంకా లేదు.